పన్నెండు మంది, రెండు పొయ్యిలు, ఒక ఫ్రిజ్: కలిసి వండుకు తినడం ఎలా నడపాలి?

చిన్నగిన్నె:
విదేశంలో యూనివర్సిటీ ఊరు. ఆరు గదులకు కలిపి ఒకటే వంటిల్లు, రెండు పొయ్యిలు, ఫ్రిజ్‌లో మనిషికో అర. క్లాసువాళ్లు, పక్క గదులవాళ్లు కలిసి 12 మంది, నాలుగైదు దేశాలవాళ్లు. రెండు వారాలకోసారి కలిసి వండుకుందామని ఆలోచన. ఇద్దరు మాంసం తినరు, ఒకరు పాలు, పెరుగు కూడా ముట్టరు, ఒకరికి వేరుశనగ పడదు. ఎంత వండాలి? ఖర్చు ఎలా పంచుకోవాలి? మొదటిసారి ఎగబడి వచ్చి మూడోసారికి జారుకోకుండా ఏం చేయాలి?

పెద్దగరిటె:
ముందు కొలతలు. బియ్యం మనిషికి 75 గ్రాములు, అంటే 12 మందికి 900. పప్పు ఒక్కటే ప్రధానమైతే మనిషికి 50 గ్రాములు, పక్కన ఇంకా కూరలుంటే 30 చాలు. ఎముకల్లేని మాంసం తినేవాళ్లకి తలా 150.

తలా ఒక వంటకం తెచ్చే పద్ధతైతే ఎవరూ 12 మందికి వండకండి. ఆరు గిన్నెలుంటే ఎవరైనా ఒక్కోదాంట్లోంచి రెండు గరిటెలే వేసుకుంటారు. ఒక్కో గిన్నె నలుగురైదుగురికి సరిపోయేంత ఉంటే చాలు. అందరూ పూర్తిగా వండేసి రాత్రి పదింటికి ఫ్రిజ్ తలుపు పట్టక కుస్తీ పట్టడం దగ్గరే చాలా గుంపులు విసిగిపోతాయి.

ఎక్కువ మందికి వండేటప్పుడు దెబ్బతినేది ఎసరు దగ్గర. కప్పుకు కప్పున్నర అలవాటని ఐదు కప్పులకు ఏడున్నర పోస్తే అన్నం ముద్దవుతుంది. తెల్లబియ్యం పీల్చేది దాదాపు తన కొలతంత నీళ్లే, ఆ పై అర కప్పు ఆవిరికి. బియ్యం ఐదింతలైనంత మాత్రాన ఆవిరి ఐదింతలు కాదు. మూత గట్టిగా పట్టే గిన్నెలో ఐదు కప్పులకు ఆరు పోసి చూడండి. పలుకుంటే కాసిని వేడినీళ్లు చిలకరించి మళ్లీ మూత పెట్టొచ్చు, ముద్దైపోయాక చేసేదేం లేదు. ఉప్పు లెక్కకట్టినదాంట్లో ముప్పావు వంతు వేసి, మిగతాది దించేముందు రుచి చూసి వేయండి.

కిలో ఉల్లిపాయలు ఒకేసారి వేస్తే నీరు వదిలి ఉడుకుతాయి తప్ప ఎర్రబడవు, రెండు మూడు విడతలుగా వేయించండి. కూర అడుగంటితే గీకొద్దు, పైది మెల్లగా వేరే గిన్నెలోకి వంచేయండి. గీకారో, మాడు వాసన మొత్తానికి పడుతుంది. వేయించేటప్పుడు కిటికీ తీయండి, వరండా వైపు తలుపు మాత్రం మూసే ఉంచండి, లేకపోతే పొగ అలారం బిల్డింగ్ మొత్తాన్ని కిందికి దింపుతుంది.

చీటీ_అంటించు:
వేరుశనగ పడనివాళ్లని ముందే పక్కకు పిలిచి అడగండి: కడుపు ఇబ్బందా, దద్దుర్లా, ఊపిరాడకపోవడమా? రెండోదైనా, మూడోదైనా ఆ రోజు వంటింట్లోకి ఆ గింజే రానివ్వకండి. 'విడిగా వండాం' అంటే సరిపోదు. అదే గరిటె, అదే నూనె, అదే చెక్కపలక చాలు అలర్జీ రేగడానికి, ఉడికించినా ఆ ప్రోటీన్ పోదు. వాళ్ల దగ్గర అలర్జీ ముదిరితే వేసే అడ్రినలిన్ ఇంజెక్షన్ పెన్ ఉంటే అది ఏ సంచిలో ఉందో ఇంకో ఇద్దరికి తెలియాలి. అది వేశాక నయమైనట్టు అనిపించినా అంబులెన్స్ పిలవాల్సిందే.

ప్రతి గిన్నె పక్కన చీటీ పెట్టండి, పేరు కాదు, వేసినవన్నీ రాయండి. భోజనం అయ్యేదాకా ఖాళీ ప్యాకెట్లు పారేయకండి. సోయా సాస్‌లో సాధారణంగా గోధుమ ఉంటుంది, జెలటిన్ జంతువుల నుంచి వస్తుంది, సూప్ క్యూబుల్లో మాంసం, పాలపొడి ఉండొచ్చు. 'శాకాహారమేనా?' అని అడగడం దండగ. ఒక్కొక్కరికి ఆ మాటకు ఒక్కో అర్థం. గుడ్డు, చేప, ఎముకలు మరిగించిన నీళ్లు, పాలు అని విడివిడిగా అడగండి.

ఇంకోటి. శాకాహారం గిన్నెలు ముందు ఖాళీ అయ్యేది మాంసం తినేవాళ్ల చేతుల్లోనే! అవి తప్ప వేరేవి తినలేనివాళ్లని ముందు వడ్డించుకోనివ్వండి.

చిల్లరలెక్క:
ఖర్చు రెండు చిట్టాలుగా రాయండి: అందరూ తినేవి, కొందరే తినేవి. ఉదాహరణకి అందరివీ కలిపి 120, మాంసం 54. 120ని 12తో భాగిస్తే తలా 10. మాంసం తినేది తొమ్మిది మందైతే వాళ్లకి ఇంకో 6. మద్యం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి, చిట్టాలోకి రానివ్వొద్దు. లెక్క ఆ రాత్రే తేల్చేయండి. వారం దాటితే అడగడానికి మొహమాటం, ఇవ్వడానికి మతిమరుపు.

జారుకోవడం గురించి: 'ఎప్పుడైనా రండి' అంటే ఎవరూ రారు. 'శుక్రవారం 7కి, ఇవి వండుతున్నాం, బుధవారంలోగా చెప్పండి' అని పెట్టండి. వేర్వేరు దేశాలవాళ్లని జంటలుగా వంటకు వేయండి, వండినవాళ్లు గిన్నెలు కడగకూడదు. ఎవరూ తెలియని కొత్తవాళ్లని సోఫాలో కూర్చోబెట్టకండి, వెల్లుల్లి ఒలవమనండి. చేతిలో పని ఉంటే మాట దానంతటదే వస్తుంది. బల్ల దగ్గర ఒక్కరికి అర్థం కాకపోయినా మనం తెలుగులోకి దిగిపోకూడదు, ఈ తప్పు మనవాళ్లు తెగ చేస్తారు. పరీక్షల వారంలో మానేయకుండా సూప్, బ్రెడ్‌తో సరిపెట్టండి. ఒకసారి తెగితే మళ్లీ అతకడం కష్టం.

చిన్నగిన్నె:
చాలా థాంక్సండి. మిగిలిన అన్నం గిన్నెలోనే ఉంచి పొద్దున్న బాగా వేడి చేస్తే సరిపోతుందా?

పెద్దగరిటె:
వద్దండి. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి పెరిగి విషం వదులుతాయి, వాంతులు చేయించే ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. తినడం అవగానే వెడల్పు పళ్లెంలో రెండంగుళాల మందం మించకుండా పరవండి, ఆవిరి తగ్గగానే చిన్న డబ్బాల్లో ఫ్రిజ్‌కి, వండిన గంట, గంటన్నరలోపు. మర్నాటికల్లా తినేయాలి, ఒక్కసారే వేడి చేయాలి. కూరలు 4 డిగ్రీల ఫ్రిజ్‌లో మూడు రోజులు ఆగుతాయి, తినేముందు పొగలు కక్కేలా 74 డిగ్రీలకు వేడి చేయండి. మీ ఫ్రిజ్‌లో చోటు లేదన్నారుగా, వచ్చేటప్పుడు తలా ఒక ఖాళీ డబ్బా తెచ్చుకోమనండి. మూత మీద టేపు అంటించి తేదీ, వేసినవి రాసి అక్కడే పంచేయండి.