బెంగళూరు చలికి చద్దన్నం పులియడం లేదు, ఏం చేయాలి?

మా నాన్నగారు ఒంగోలు నుంచి వచ్చి మారతహళ్లిలో మా దగ్గరే ఉంటున్నారు. 74 ఏళ్లు. పొద్దున్నే చద్దన్నం పడాల్సిందే. రాత్రి అన్నంలో నీళ్లు, కాస్త మజ్జిగ పోసి మూత పెడితే ఊళ్లో తెల్లారేసరికి కమ్మగా పులిసేది. ఇక్కడ ఈ డిసెంబర్ చలికి అలాగే చప్పగా ఉంటోంది. నిన్న ఒక ముద్ద తిని, ఉల్లిపాయ కొరికి, "ఇది చద్ది కాదమ్మా, తడిసిన అన్నం" అని గిన్నె పక్కకి జరిపేశారు.

మా అమ్మాయికేమో ఆ వాసనే పడదు. పీయూసీ చదువుతోంది. "మిగిలిపోయిన అన్నం ఎందుకు తాతయ్యా, ఓట్స్ చేసిస్తా" అంది. "గుర్రాల దాణా నాకెందుకే" అన్నారాయన. అంతే, అది అలిగి కూర్చుంది. అదే పిల్ల స్నేహితులతో వెళ్లి కిమ్చి (కొరియా వాళ్ల క్యాబేజీ పచ్చడి) లొట్టలేసుకుంటూ తింటుంది. అదీ పులియబెట్టిందే కదా! ఆ మాటంటే నా మీదా అలుగుతుందని ఊరుకున్నా.

ఇక్కడ చద్దన్నం చేసుకునేవాళ్లు చెప్పండి. మట్టికుండలో పెడితే తేడా ఉంటుందా? నేను సోనా మసూరి కుక్కర్‌లో వండుతాను, గంజి వార్చను. లోపం అక్కడుందా? ఆఫ్ చేసిన ఓవెన్‌లో పెట్టి చూద్దామనుకుంటున్నా, ఎన్ని గంటలు ఉంచొచ్చు? ఇంకోటి, నాన్నకి బీపీ ఉంది. ఆవకాయ లేనిదే ముద్ద దిగదు. నంజుకోవడానికి ఉప్పు తక్కువగా ఉండేది ఏదైనా ఉంటే చెప్పండి, పచ్చిమిర్చి, ఉల్లిపాయ కాకుండా.