హిప్‌హాప్ పుట్టినరోజు 1973 ఆగస్టు 11 అనడం సబబేనా?

బాణీ_బుచ్చిబాబు:
2023లో హిప్‌హాప్‌కి యాభై ఏళ్ల పండగ చేశారు. న్యూయార్క్ బ్రాంక్స్‌లో 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అపార్ట్‌మెంట్ హాల్లో, కూల్ హెర్క్ అనే డీజే చెల్లెలు సిండీ పెట్టిన పార్టీ నుంచి ఆ లెక్క. టికెట్ ఆడపిల్లలకి 25 సెంట్లు, మగపిల్లలకి 50. సరే, హెర్క్‌కి పేరు తెచ్చినవి జేమ్స్ బ్రౌన్ లాంటివాళ్ల ఫంక్ రికార్డులు. ఫంక్ అంటే ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్, నల్లజాతి అమెరికన్ల పాప్ సంగీతం) బిడ్డే కదా. ప్రాసలతో రికార్డు పరిచయం చేయడమా, అది జాకో హెండర్సన్ 1950ల్లోనే రేడియోలో చేశాడు. ఇక కొత్తగా పుట్టిందేంటి?

ముల్లు_33:
పాట పాతదే, వాడిన ముక్క కొత్తది. గొంతులన్నీ ఆగిపోయి డ్రమ్ములు మాత్రం మిగిలే చోటు ఉంటుంది చూడండి, బ్రేక్ అంటారు. కొన్ని సెకన్లే. డాన్సర్లు కాచుకునేది దానికోసమే. హెర్క్ ఒకే రికార్డు రెండు కాపీలు పెట్టుకుని, ఒకదాంట్లో బ్రేక్ అయిపోగానే రెండోదాంట్లో అందుకునేవాడు. మిగతా పాట అక్కర్లేదు!

చెవిలో_జోరీగ:
హెర్క్ ముల్లుని కంటి అంచనాతో దించేవాడు, తాళం జారేది. ఆ పని కుదుర్చింది గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అనే మరో డీజే. లెక్క వేయండి: నిమిషానికి 33⅓ చుట్ల వేగంలో ఒక చుట్టుకి 1.8 సెకన్లు. నిమిషానికి 100 దెబ్బల పాటలో నాలుగు బార్ల (బార్‌కి నాలుగు దెబ్బలు) బ్రేక్ 9.6 సెకన్లు, అంటే ఐదుంబావు చుట్ల కంటే కాస్త ఎక్కువ. రికార్డు మీద క్రేయాన్ గీత పెట్టుకుని అన్ని చుట్లు వెనక్కి తిప్పితే మళ్లీ మొదటికొస్తుంది. రబ్బరు మ్యాట్ మీద ఇది సాగదు. అది రికార్డుని పట్టేస్తుంది, చేత్తో ఆపితే కింద తిరిగే పళ్లెం కూడా ఈడ్చుకుంటుంది. అందుకే ఫ్లాష్ ఫెల్ట్ గుడ్డకి గంజి పెట్టి (అచ్చం మన ఖద్దరు చొక్కాకి పెట్టినట్టే) బిరుసుగా చేసి కింద వేశాడు. ముల్లు కూడా శంఖాకారంది కావాలి, కోడిగుడ్డు ఆకారంది వెనక్కి తిప్పేటప్పుడు గాడి దాటి దూకుతుంది.

బాణీ_బుచ్చిబాబు:
అయితే పుట్టినరోజు ఫ్లాష్ పనిబల్లకి ఇవ్వాలి గదా! న్యూయార్క్‌లోనే హార్లెమ్ డిస్కో క్లబ్బుల్లో జనాన్ని ప్రాసలతో ఊపిన డీజే హాలీవుడ్‌ని బ్రాంక్స్ కథ చెప్పేవాళ్లు తరచూ మరిచిపోతారు. 1979లో షుగర్‌హిల్ గ్యాంగ్ ర్యాప్ హిట్ సంగతి? అందులో డీజే లేడు. షిక్ అనే బ్యాండ్ పాట బాణీని స్టూడియో బ్యాండ్ మళ్లీ వాయించింది. చేయించింది సిల్వియా రాబిన్సన్, 1950ల నుంచీ ఆర్ అండ్ బీ గాయని.

చెవిలో_జోరీగ:
హెర్క్ 1967లో జమైకాలోని కింగ్‌స్టన్ నుంచి వచ్చాడు. అక్కడి సౌండ్ సిస్టమ్‌లు (వీధి పార్టీల్లో పెద్ద స్పీకర్లతో రికార్డులు వేసే బృందాలు) 1950ల్లో వాయించింది అమెరికా ఆర్ అండ్ బీనే. ఆ దారిన చూసినా మీ వాదనకే బలం.

ముల్లు_33:
షుగర్‌హిల్ విషయం ఒప్పుకుంటా, తొలి రికార్డులు ఆర్ అండ్ బీ పద్ధతిలోనే తయారయ్యాయి. బ్రేక్‌ని మళ్లీ ముందుకు తెచ్చింది శాంప్లర్, అంటే రికార్డు ముక్కని మెమరీలో పట్టి మళ్లీ వాయించే యంత్రం. 1987 నాటి ఎస్‌పీ-1200 అనే శాంప్లర్‌లో మొత్తం మెమరీ 10 సెకన్లు, ఒక్కో శాంపిల్ 2.5 సెకన్లు దాటదు. పై లెక్కలో ఒక బార్ 2.4 సెకన్లు, అంచుల దాకా నిండిపోతుంది. అందుకని 33 రికార్డుని 45 వేగంలో తిప్పి ఎక్కించి, లోపల పిచ్ దించి అసలు వేగానికి తెచ్చేవాళ్లు. 10 సెకన్లలో 13.5 సెకన్ల సరుకు పడుతుంది. దించేసరికి హైహ్యాట్ల (డ్రమ్ సెట్‌లోని జంట తాళాల) చుట్టూ గరగర చేరుతుంది, ఆ కాలపు రికార్డుల్లో వినబడేది అదే. ఏ ఆర్ అండ్ బీ ఇంజనీరైనా దాన్ని లోపమని కొట్టేసేవాడు.

బాణీ_బుచ్చిబాబు:
గరగర ఒప్పుకున్నా. తేదీ మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.