షేక్స్‌పియర్‌కి అసలు డబ్బులు ఎక్కడ్నుంచి వచ్చాయి?

నేలటికెట్:
నిన్న రవీంద్రభారతిలో నాటకం చూసి బయట చాయ్ తాగుతూ మా ఫ్రెండ్‌తో గొడవ పడ్డా. నాటకాలు రాసి ఎవడూ బాగుపడలేదు, షేక్స్‌పియర్ కూడా అప్పుల్లోనే పోయుంటాడు అంటాడు వాడు. ఊళ్లో పెద్ద ఇల్లు కొన్నాడని ఎక్కడో చదివినట్టు గుర్తు నాకు. తెలిసినవాళ్లు చెప్పండి, వంద రూపాయల పందెం ఉంది.

రెండోబెల్లు:
పందెం నీదే. 1597లో సొంతూరు స్ట్రాట్‌ఫర్డ్‌లో న్యూ ప్లేస్ అనే ఇల్లు కొన్నాడు, అప్పటికి 33 ఏళ్లే. 1602లో 320 పౌండ్లు పెట్టి 107 ఎకరాలు. కానీ అది రాతల డబ్బు కాదు. అప్పట్లో నాటకం రాసిస్తే ఆరు పౌండ్లు, అటూ ఇటూగా, చేతిలో పెట్టేవాళ్లు, ఆ తర్వాత అది వంద ఆటలు ఆడినా రాసినోడికి పైసా రాదు, స్క్రిప్టు కంపెనీ సొత్తు. అచ్చం మన కృష్ణానగర్ కథే. ఈయన తెలివి ఏంటంటే 1594లో పెట్టిన లార్డ్ ఛాంబర్లేన్స్ మెన్ అనే నాటక కంపెనీలో వాటాదారు అయ్యాడు, 1599లో ఆ కంపెనీకి లండన్‌లో గ్లోబ్ అనే నాటకాల హాలు కట్టినప్పుడు అందులో కూడా పదో వంతు వాటా తీసుకున్నాడు. గ్లోబ్‌లో నేల టికెట్ ఒక పెన్నీ, నిలబడి చూడాలి, గ్యాలరీకి ఇంకో పెన్నీ, ఆ గ్యాలరీ కలెక్షన్‌లో సగం హాలు ఓనర్లదే.

చాయ్‌బిస్కట్:
గ్లోబ్ కట్టిన కత గుడ చెప్పాలె గదా అన్నా! పాత హాలు జాగ ఓనరుతోని లీజు లొల్లి అయితే, 1598 డిసెంబర్ల హాలునే విప్పి ఆ దూలాలన్నీ థేమ్స్ నది అవతలికి మోసుకపోయిన్రు. మన దగ్గర జాగ లొల్లులు చూస్తనే ఉంటం గని ఇట్ల బిల్డింగే ఎత్కపోవుడు నేనైతే ఇనలే 😂 1613ల నాటకం నడుస్తుంటె ఫిరంగి పేల్చిన్రు, గడ్డి కప్పు అంటుకోని మొత్తం కాలిపోయింది.

రెండోబెల్లు:
అవును 😀 ఇంకోటి, 1592 నుంచి ప్లేగు వల్ల హాళ్లు మూతపడ్డాయి, కరోనాలో మన థియేటర్ల లాగే. అప్పుడే రెండు పెద్ద కావ్యాలు రాసి సౌతాంప్టన్ ప్రభువుకి అంకితం ఇచ్చాడు. అంటే మన కవులు జమీందార్లని పట్టుకున్నట్టే.

నేలటికెట్:
థాంక్స్, వంద వసూలైంది. కానీ వాడు ఊరుకోడుగా, అంత ఆస్తి ఉన్నోడు వీలునామాలో పెళ్లానికి రెండో రకం మంచం ఒక్కటే రాశాడేంటి అంటున్నాడు.

రెండోబెల్లు:
ఆస్తిలో ఎక్కువ భాగం పెద్ద కూతురు సుసానాకి రాశాడు. మంచం మాట తర్వాత గుర్తొచ్చి రెండు వరసల మధ్య ఇరికించినట్టు ఉంటుంది. మంచి మంచం చుట్టాలకి వేసేవాళ్లు, రెండోదే మొగుడూ పెళ్లాలది, అందుకే ఇచ్చాడని కొందరి వాదన. దీనికి ఇంకో వంద పందెం కాయకు, ఇది తేలేది కాదు.