కేబీఆర్ పార్కులో పక్షులను చూడడానికి పెద్దవారితో వెళ్లడం గురించి

హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లోని కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనానికి తరచుగా వెళ్లేవారి సలహా కోరుతున్నాను. ఫిబ్రవరి నెలాఖరులో మా నాన్నగారు విజయవాడ నుంచి వస్తున్నారు. వృక్షశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఆయనకు చెట్లన్నా పక్షులన్నా ప్రాణం, కానీ ఇప్పుడు చేతికర్ర లేకుండా నడవలేరు.

ఆ రోజుల్లో బూరుగు, మోదుగ చెట్లు ఆకులు రాల్చి ఎర్రగా పూస్తాయి, ఆ పూల మకరందం కోసం గోరువంకలు, పికిలిపిట్టలు, తేనెపిట్టలు గుంపులుగా చేరతాయి కనుక, లోపలి నడకదారికి దగ్గరగా, కూర్చుని చూడగలిగేంత దూరంలో అలాంటి చెట్లు ఎక్కడైనా ఉన్నాయా, ఉంటే ఏ ద్వారం నుంచి వెళితే నడక తగ్గుతుందో దయచేసి తెలియజేయగలరు. నెమళ్లు ఎలాగూ కనిపిస్తాయి, వాటి గురించి నాకు బెంగ లేదు. పాలపిట్ట, జెముడుకాకి ఉదయం ఏ వేళలో, ఏ వైపున కనిపిస్తాయో చెబితే మేలు.

దారిలో బల్లలు, తాగునీరు, మరుగుదొడ్లు ఎంతెంత దూరంలో ఉన్నాయి? చక్రాల కుర్చీ వెళ్లేంత చదునుగా దారి ఉందా? 1998లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన అడవి కాబట్టి ఉయ్యాలలు, జారుడుబల్లలు ఆశించడం భావ్యం కాదని తెలుసు. అయితే మాతో వచ్చే ఆరేళ్ల పాప అంతసేపు నిశ్శబ్దంగా ఉండడం అనుమానమే. అందువల్ల ఆమె ఆడుకోవడానికి దగ్గరలో మరో పార్కు ఉంటే, దాని పేరు కూడా సూచించగలరు.