ఇనుము మీద పాలిథిన్ పూత: బ్లాస్టింగ్ సరిపోతుందా, ప్రైమర్ కూడా కావాలా?

అనంత_షెడ్డు
మాది అనంతపురంలో చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు. కలుపు తీసే పరికరాలకు ఇనుప పైపు హ్యాండిళ్లు చేస్తాం. పైపును ఓవెన్‌లో వేడి చేసి పాలిథిన్ పొడి తొట్టిలో ముంచి తీస్తాం. ఇచ్చేటప్పుడు నున్నగా బాగుంటుంది. ఒక ఎండాకాలం పోయేసరికి పూత వదులై, చేత్తో తిప్పితే గిర్రున తిరుగుతుంది. పొడి అమ్మే ఆయన ప్రైమర్ (పూత అతుక్కోవడానికి ముందుగా వేసే పొర) వెయ్యమంటాడు, బ్లాస్టింగ్ వాళ్లు బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో గరుకు రేణువులు కొట్టి ఇనుమును శుభ్రం చెయ్యడం) చాలంటారు. ఎవరి సరుకు వాళ్లు పొగుడుకుంటున్నారు. నేను డబ్బు దేని మీద పెట్టాలి?

కర్నూలు_కోటింగ్
బ్లాస్టింగ్ మీదే, తమ్ముడూ. నూనె మీద, మిల్ స్కేల్ (ఉక్కును కాల్చి సాగదీసేటప్పుడు పైన ఏర్పడే నల్లటి పొర) మీద ఏ పూత వేసినా నిలవదు. పైపును కడిగి నీళ్లు పొయ్యి. నీళ్లు పలచటి పొరలా పరుచుకుంటే శుభ్రంగా ఉన్నట్టు, బొట్లుబొట్లుగా విడిపోతే జిడ్డు ఉన్నట్టు. తర్వాత గ్రిట్ (బ్లాస్టింగ్‌లో వాడే ఆ రేణువులు) కొడితే పైనంతా గరుకవుతుంది, కరిగిన ప్లాస్టిక్ ఆ గుంతల్లోకి దిగి పట్టుకుంటుంది. ప్రైమర్ అనేది ఈ పని చెయ్యడానికి బద్ధకించేవాళ్ల కోసం.

కడప_పాలిమర్
అన్నా, ఆ చివరి మాట ఒప్పుకోను. పాలిథిన్‌లో కార్బన్, హైడ్రోజన్ తప్ప ఇంకేమీ లేవు. దాని ఉపరితల శక్తి (వేరేవాటిని అంటుకునే గుణానికి కొలత) సెంటీమీటరుకు 31 డైన్‌లు అటూ ఇటూ, అంటే చాలా తక్కువ. ఇనుము మీదుండే ఆక్సైడ్ పొరను పట్టుకోవడానికి దానికి చెయ్యే లేదు. ఆ చెయ్యి అతికించడానికే ప్రైమర్‌గా మాలేయిక్ యాన్‌హైడ్రైడ్ అనే రసాయనాన్ని గ్రాఫ్ట్ చేసిన (గొలుసుకు అతికించిన) పాలిథిన్ వాడేది. దాని గొలుసు మామూలు పాలిథిన్‌లో కలిసిపోతుంది, యాన్‌హైడ్రైడ్ కొస ఆక్సైడ్‌ను పట్టుకుంటుంది. గ్యాస్ పైపులైన్లకు వేసే మూడు పొరల పూత చూడండి: అడుగున ఎపాక్సీ, మధ్యలో ఈ జిగురు పాలిమర్, పైన పాలిథిన్. అంతకుముందు బ్లాస్టింగ్ కూడా చేస్తారు, అది వేరే సంగతి.

ఇంకొకటి, మన ఎండలు. 40 డిగ్రీల తేడాకు మీటరు పొడవు ఉక్కు అర మిల్లీమీటరు సాగుతుంది. పాలిథిన్‌ను వదిలేస్తే ఆరు మిల్లీమీటర్లకు అటూ ఇటూ సాగుతుంది. రోజూ ఈ గుంజులాట తట్టుకోవాలంటే గరుకు ఒక్కటే చాలదు.

కర్నూలు_కోటింగ్
గ్యాస్ పైపుకూ కలుపు గొర్రు హ్యాండిల్‌కూ పోలికా? సాగడమే సమస్య అయితే పొడిలో మన మంగంపేట ముగ్గురాయి (బెరైటీస్ ఖనిజం) పొడి కలపండి, సాగడం తగ్గుతుంది. ఊరి సరుకే, రవాణా కూడా కలిసొస్తుంది.

కడప_పాలిమర్
ముగ్గురాయి పొడిని పెయింట్లలో, పౌడర్ కోటింగ్‌లో వాడతారు, నిజమే. సాగడం కొంత తగ్గుతుంది, అతుకు మాత్రం పెరగదు. ఎక్కువ కలిపితే వంచినచోట పగులుతుంది.

తాడిపత్రి_పౌడర్
మీరిద్దరూ నీళ్ల సంగతే మర్చిపోయారు. కడిగేది బోరు నీళ్లతోనేనా? మన బోర్లలో ఉప్పులు ఎక్కువ. పైపు ఆరాక ఆ ఉప్పు పూత కింద ఉండిపోతుంది, వానాకాలంలో తేమను లాక్కుని పొక్కులు లేపుతుంది. ఆఖరిసారి ఆర్వో నీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టాలి.

వాదించుకునే ముందు ఒక హ్యాండిల్ కోసి చూడండి. ఇనుము మీద ప్లాస్టిక్ తునకలు మిగిలితే ప్లాస్టిక్కే చిరిగినట్టు. ఇనుము ఖాళీగా ఉంటే అతుకే పడలేదన్నమాట.

అనంత_షెడ్డు
ఇప్పుడే బ్లేడుతో నిలువుగా కోశా. తొడుగు అరటి తొక్కలా ఊడొచ్చింది. నడుమ ఇనుము తళతళా మెరుస్తోంది, ప్లాస్టిక్ జాడే లేదు. రెండు చివర్లా బొటనవేలంత మేర తుప్పు. అవును, కడిగేది బోరు నీళ్లతోనే.

కర్నూలు_కోటింగ్
నేను చెప్పిందదే కదా! సరిగ్గా తయారు చెయ్యని ఇనుము.

కడప_పాలిమర్
అద్దంలా శుభ్రం చేసినా మామూలు పాలిథిన్ అచ్చం ఇలాగే ఊడుతుంది. ఈ ఒక్క పైపుతో మీ మాటా తేలదు, నా మాటా తేలదు. మూడు రకాలు చెయ్యి తమ్ముడూ: బ్లాస్టింగ్ ఒక్కటే, ప్రైమర్ ఒక్కటే, రెండూ కలిపి. అన్నీ ఆర్వో నీళ్లతోనే కడుగు. ఒకే గిన్నెలో ఒక రోజంతా ఉడకబెట్టి, చల్లారాక కోసి లాగి చూడు. ఎండాకాలం దాకా ఆగక్కర్లేదు. చివర్లకు మాత్రం ఏం వేసినా మూతలు బిగించు, నీళ్లు దూరేది అక్కడే.

కర్నూలు_కోటింగ్
గ్రిట్ కొట్టిన పైపులు నేనే పంపిస్తా. బస్సు పార్సిల్‌లో వేస్తే ఈలోపు తుప్పెక్కుతాయి, మనిషిని కర్నూలుకు పంపు. ప్రైమర్ ఖర్చు మాత్రం కడప ఆయన ఖాతాలో వెయ్యి.