డిజర్టేషన్ గడువు పెంచమని అడగాలా, ఉన్నదాంతో సమర్పించేయాలా?

తెల్లవారుజాము_చదువు
దూరవిద్యలో ఎం.ఏ. ఎడ్యుకేషన్ చేస్తున్నాను. పేపర్లన్నీ అయిపోయాయి, మిగిలింది డిజర్టేషన్ (చివర్లో ఇచ్చే పరిశోధన గ్రంథం) ఒక్కటే. అంశం: రాత్రి డ్యూటీ చేసే నర్సులు తమ పిల్లల చదువు ఎలా చూసుకుంటున్నారు. సినాప్సిస్‌లో, అంటే ముందుగా ఇచ్చిన పరిశోధన ప్రణాళికలో, 18 మందిని ఇంటర్వ్యూ చేస్తానని రాశాను. 12 అయ్యాయి. గడువు ఇంకా ఆరు వారాలుంది. పాపకి ఏడాది దాటింది, రాత్రిళ్ళు సరిగ్గా పడుకోదు. పగలు ఉద్యోగం. పాప కళ్ళు మూశాక ఒక చెవికి ఇయర్‌ఫోన్ పెట్టుకుని రికార్డింగ్ వింటూ టైప్ చేస్తాను, రెండో చెవి పాప మీదే ఉంటుంది. మొన్న ఒకావిడ తన కొడుకు పరీక్షల గురించి చెబుతుండగా దగ్గు వినిపించింది. అది రికార్డింగ్‌లోదా, గదిలోదా తెలియక ఆపేసి లేచాను. మళ్ళీ కూర్చునేసరికి ఎక్కడ ఆపానో గుర్తు లేదు.

గైడ్ ‘ఆరు నెలలు ఎక్స్‌టెన్షన్ ఇస్తారు, నీ ఇష్టం’ అన్నారు. తీసుకుంటే మళ్ళీ ఫీజు, మళ్ళీ సెమిస్టర్. 12తోనే ఇచ్చేయనా, ఎక్స్‌టెన్షన్ తీసుకుని మిగతా ఆరుగురినీ కలవనా?

గడపదాటి
ఇచ్చేయండి. పాప పెద్దదయ్యే కొద్దీ టైమ్ తగ్గుతుందే తప్ప పెరగదు.

మళ్ళీ_రిజిస్టర్
ఎక్స్‌టెన్షన్ మాట ఎత్తకండి. నాకు జరిగింది చెబుతాను. నేను గడువు పెంచమని అడిగినప్పుడు సంతోషంగా ఒప్పుకున్నారు. ఆ మధ్యలో మా గైడ్ రిటైరయ్యారు. కొత్తగా ఇచ్చిన ఆయన మొదటి ఫోన్‌లోనే అంశం మార్చమన్నారు. నా ప్రశ్నావళి, నేను సేకరించిన సమాధానాలు, రాసుకున్న రెండు అధ్యాయాలు ఆయనకి అక్కర్లేదు. పాత గైడ్ ఆమోదించిన కాగితం చూపిస్తే ‘అది ఆయన అభిప్రాయం’ అన్నారు. ఈ తర్జనభర్జనలోనే రిజిస్ట్రేషన్ గడువు దాటిపోయింది. ఇప్పుడు మొదటి నుంచి చేస్తున్నాను, ఇద్దరు పిల్లలతో. నాకు ఆ ఎక్స్‌టెన్షన్ ఇచ్చిందేమీ లేదు, తీసుకున్నదే ఎక్కువ.

ఇక 12 సంగతి. గెస్ట్, బన్స్, జాన్సన్ అనే ముగ్గురు 2006లో ఎన్ని ఇంటర్వ్యూలు చాలతాయన్న దాని మీదే పేపర్ రాశారు. 60 ఇంటర్వ్యూలు విశ్లేషించి, వచ్చే విషయాల్లో చాలా భాగం మొదటి 12లోనే వచ్చేశాయని చూపించారు. ఆ పేపర్‌ని పద్ధతి అధ్యాయంలో (పరిశోధన ఎలా చేశారో చెప్పే చోట) ఉదహరించి, సమర్పించి, హాయిగా పడుకోండి.

అంచు_గమనికలు
దూరవిద్య డిజర్టేషన్లు చాలా ఏళ్ళుగా దిద్దుతున్నాను. ఆ 2006 పేపర్ పేరు ఎక్కువగా కనిపించేది ఇంటర్వ్యూలు పూర్తి చేయలేకపోయిన వాళ్ళ దగ్గరే. అందులో ఏముందో మాత్రం చాలామంది చదవరు. ఆ 60 మందీ ఘానా, నైజీరియాలకు చెందిన మహిళలు, చాలావరకు ఒకేలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్ళు. అడిగిన ప్రశ్నలు అందరికీ దాదాపు ఒకటే. అలాంటి చోట 12 సరిపోతాయని తేలింది. ఎక్కడైనా 12 చాలని ఆ రచయితలూ అనలేదు. మీ నర్సుల్లో ప్రభుత్వ ఆసుపత్రివాళ్ళు, ప్రైవేటువాళ్ళు, ఒంటరిగా పిల్లల్ని పెంచేవాళ్ళు కలిసి ఉంటే 12 చాలవు. ఎక్స్‌టెన్షన్ తీసుకుని ఆరూ పూర్తి చేయండి.

చిన్నమాట
రికార్డింగులు టైప్ చేయడానికే సగం టైమ్ పోతుంటే, ఆడియోని అక్షరాల్లోకి మార్చే యాప్‌లు వాడొచ్చు కదా? తప్పులు దిద్దుకోవడమే మిగులుతుంది.

అంచు_గమనికలు
@చిన్నమాట, ఆ యాప్‌లలో చాలావరకు ఆడియోని వాళ్ళ సర్వర్‌కి పంపిస్తాయి. నర్సులు సంతకం చేసిన అంగీకార పత్రంలో ఆ మాట లేకపోతే పంపకూడదు. ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో నెట్ లేకుండా పనిచేసేది దొరికితే సరే.

మళ్ళీ_రిజిస్టర్
@అంచు_గమనికలు, 12 చాలవంటున్నారు కదా, మరి 18 ఎందుకు చాలతాయి? ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది? సినాప్సిస్ రాసే రోజున ఏదో ఒక అంకె వేయాలి కాబట్టి వేశారు. అందరం అలాగే వేస్తాం. పైగా గంట రికార్డింగ్ చేత్తో టైప్ చేయాలంటే నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. ఆరు ఇంటర్వ్యూలంటే ఎంతవుతుందో లెక్క వేసుకోండి. నైట్ డ్యూటీ దిగి వచ్చిన మనిషిని ఒప్పించి కూర్చోబెట్టే టైమ్ ఇందులో లేదు. ఆ తర్వాత కోడింగ్, అంటే సమాధానాల్లోని విషయాలకి గుర్తులు పెట్టి విడదీయడం. పాప ఎప్పుడు లేస్తుందో తెలియని ఇంట్లో అన్ని గంటలు ఎక్కడి నుంచి తెస్తారు?

అంచు_గమనికలు
గంటలు లేవు కాబట్టే కదా ఎక్స్‌టెన్షన్. 18 అనే అంకె పవిత్రమని నేననలేదు. కారణం లేకుండా తగ్గించొద్దన్నాను. టైమ్ చాలలేదన్నది ఇంట్లో సరైన కారణమే, పద్ధతి అధ్యాయంలో మాత్రం కాదు.

మళ్ళీ_రిజిస్టర్
ఎందుకు కాదు? పరిమితులు అని ఒక విభాగం ఉంటుంది కదా, అది మరి దేనికి?

అంచు_గమనికలు
పరిమితుల విభాగం చేయలేకపోయినవి చెప్పడానికి. చేయగలిగీ వదిలేసినవాటిని సమర్థించుకోవడానికి కాదు. ఆమెకి ఆరు నెలలు ఇస్తామన్నారు, కాబట్టి ఇది చేయగలిగిన పనే.

గడపదాటి
మీ ఇద్దరూ 12 దగ్గరే ఆగిపోయారు. ఆవిడ అడిగింది అదొక్కటే కాదనుకుంటా.

పరీక్షలేని_విద్యార్థి
ఇంకో దారి చెప్పనా? కొత్తగా ఎవరినీ కలవకుండా ప్రశ్ననే కుదించుకోవచ్చు. ఆ 12 మందిలో ఎక్కువమంది ఒకే తరహా ఆసుపత్రివాళ్ళయితే అధ్యయనాన్ని వాళ్ళకే పరిమితం చేసి, శీర్షికలోనూ ఆ మాట పెట్టండి. గైడ్ రాతపూర్వకంగా ఒప్పుకుంటే చాలు. కొన్నిచోట్ల శీర్షిక మార్పుకి వేరే ఫారం ఉంటుంది, అడిగి చూడండి.

ఇంటిపట్టున_నాన్న
మా ఆవిడ డిజర్టేషన్ రాస్తున్నప్పుడు బాబుని నేనే చూసుకున్నాను. అందుకని ఒకటి అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. ఎక్స్‌టెన్షన్ తీసుకున్నా, తీసుకోకపోయినా పాప ఎవరి దగ్గర ఉంటుంది? ‘నేను సాయం చేస్తున్నా కదా’ అని నేనూ అనేవాడిని. కానీ బాబు ఏడిస్తే తనకే అందించేవాడిని. తను టేబుల్ దగ్గరే ఉన్నా, ప్రతి పావుగంటకీ ఎవరో ఒకరం గది తలుపు తట్టేవాళ్ళం. అధ్యాయం కదల్లేదు. చివరికి నేను బాబుని తీసుకుని ఇంట్లోంచి బయటికే వెళ్ళిపోవడం మొదలుపెట్టాక పని సాగింది. తలుపు వేసుకుంటే సరిపోదు, ఇంట్లో పిల్లవాడి గొంతు వినిపించకూడదు. ఎక్స్‌టెన్షన్ తీసుకుని మళ్ళీ ఇదే పద్ధతిలో సాగితే ఆరు నెలల తర్వాత కూడా ఆరు వారాలే మిగులుతాయి.

మళ్ళీ_రిజిస్టర్
@ఇంటిపట్టున_నాన్న, ఈ మాట ఆమె భర్త చదవాలి. @అంచు_గమనికలు గారికి మాత్రం ఇవేవీ పట్టవు. అంకె కుదిరిందా, ఉదహరణ కుదిరిందా, అంతే. పిల్లని ఒళ్ళో పెట్టుకుని ఒక చేత్తో టైప్ చేస్తే తెలుస్తుంది. దిద్దేవాళ్ళకి కాగితం కనిపిస్తుంది, దాని వెనక మనిషి కనిపించదు. గైడ్ మెయిల్‌కి ఎన్ని రోజులకి జవాబిచ్చారన్నది ఎక్కడా రాయరు, మేం ఆలస్యం చేసింది మాత్రం రిజిస్టర్‌లో ఎక్కుతుంది. తరగతికి వెళ్ళేవాళ్ళు సైతం బోలెడు పేలవమైన డిజర్టేషన్లు ఇస్తారు. వాళ్ళని ఎవరూ ఎక్స్‌టెన్షన్ తీసుకోమనరు. మా దగ్గరికి వచ్చేసరికే అందరికీ ప్రమాణాలు గుర్తొస్తాయి.

అంచు_గమనికలు
నాకేం పట్టదో మీరు చెప్పక్కర్లేదు. నా పీజీ కూడా దూరవిద్యలోనే చేశాను, ఇంట్లో పసిపిల్లాడు ఉండగానే. ఒక ఉద్యోగం ఇంటర్వ్యూకి డిజర్టేషన్ బైండ్ చేయించి పట్టుకెళ్ళాను. ఎదురుగా కూర్చున్నాయన అట్ట మీద ‘దూరవిద్య’ అని చూశాడు. అంతే, లోపల ఒక్క పేజీ తిప్పలేదు. ‘ఓహో, కరెస్పాండెన్సా’ అని పక్కన పెట్టేశాడు. అప్పటి నుంచి నా చేతికొచ్చిన ప్రతి దూరవిద్య డిజర్టేషన్‌నీ ఆయన పేజీ తిప్పి చూస్తే ఒక్క తప్పూ దొరకకూడదని దిద్దుతున్నాను. ఆమె 12తో ఇచ్చేస్తే పాసవుతుంది, నాకు తెలుసు. ఆ తర్వాత ఎవరో ఒకరు ‘దూరవిద్య కదా, ఇంతే’ అంటారు. నా బాధ అది.

మళ్ళీ_రిజిస్టర్
ఇప్పుడు అసలు మాట బయటికొచ్చింది. ఆయన పేజీ తిప్పకపోవడానికి కారణం మీ డిజర్టేషన్ కాదండీ. మీది ఎంత బాగున్నా తిప్పేవాడు కాదు. అలాంటివాడి కోసం ఆమె ఇంకో ఆరు నెలలు నిద్ర మానుకోవాలా? లండన్ విశ్వవిద్యాలయం 1858లోనే అక్కడికి వచ్చి చదువుకోనివాళ్ళకి కూడా పరీక్ష రాసి డిగ్రీ తీసుకునే వీలు ఇచ్చింది. నెల్సన్ మండేలా ఖైదీగా ఉండి దూరవిద్యలోనే చదివి 1989లో దక్షిణాఫ్రికా విశ్వవిద్యాలయం నుంచి న్యాయశాస్త్రం డిగ్రీ పొందారు. ఇన్నేళ్ళయినా నమ్మనివాళ్ళు ఇంకో ఆరు ఇంటర్వ్యూలు చూసి నమ్ముతారా? వాళ్ళ చిన్నచూపుకి పిల్లల తల్లులు రుసుము కట్టక్కర్లేదు.

అంచు_గమనికలు
ఆయన కోసం కాదు. ఆ నర్సుల కోసం. డ్యూటీ దిగి, నిద్ర మానుకుని ఆమెతో మాట్లాడారు వాళ్ళు. వాళ్ళు చెప్పింది తీసేయలేని విధంగా రాయాలి కదా. మీరు డిగ్రీ ఎలా చేతికొస్తుందని చూస్తున్నారు, నేను ఆ పని ఎలా నిలుస్తుందని చూస్తున్నాను. మన తేడా అదే. 12, 18 కాదు.

మళ్ళీ_రిజిస్టర్
డిగ్రీ చేతికొస్తే జీతం పెరుగుతుంది. జీతం పెరిగితే పాపని చూసుకోవడానికి మనిషిని పెట్టుకోగలదు. అది చిన్న విషయమని మీకెందుకు అనిపిస్తోంది? పని నిలవాలంటే ముందు మనిషి నిలవాలి.

తెల్లవారుజాము_చదువు
అందరికీ జవాబివ్వలేకపోయాను, పాపకి జ్వరం. ఇద్దరి మాటలూ పూర్తిగా చదివాను. నాకు డిగ్రీ కావాలి, వచ్చే ప్రమోషన్‌కి అది అవసరం. ఆ 12 మంది మాటలు సరిగ్గా రాయాలని కూడా ఉంది. ఒకావిడ రికార్డింగ్ చివర ‘ఇదంతా ఎవరైనా చదువుతారా అమ్మా’ అని అడిగింది. చదువుతారని చెప్పాను.

12 మందిలో 10 మంది ప్రైవేటు ఆసుపత్రివాళ్ళే. @పరీక్షలేని_విద్యార్థి చెప్పినట్టు శీర్షికలో ‘ప్రైవేటు ఆసుపత్రులు’ అని చేర్చి, మిగతా రెండింటిని విశ్లేషణలోంచి తీసేస్తే కుదురుతుందా అని గైడ్‌కి మెయిల్ పెట్టాను. ఎక్స్‌టెన్షన్ అడగలేదు. @ఇంటిపట్టున_నాన్న గారూ, మీ పోస్టు మా ఆయనకి చూపించాను. ఈ ఆదివారం నుంచి మధ్యాహ్నం వేళ పాపని తీసుకుని వాళ్ళ అక్క ఇంటికి వెళ్తానన్నారు. ఒక్క ఆదివారం కాదు, గడువు దాకా అని నేనన్నాను. దాని మీద ఇంకా మాట్లాడుకుంటున్నాం.

అంచు_గమనికలు
కుదించడం సరైన పనే. ఆ రెండింటినీ ఎందుకు తీసేశారో, సినాప్సిస్‌లో 18 ఎందుకుందో, ఎక్కడ ఆగారో మూడూ రాయండి. దాచిపెడితే వైవాలో (మౌఖిక పరీక్షలో) మొదటి ప్రశ్న అదే అవుతుంది.

మళ్ళీ_రిజిస్టర్
దాచమని ఎవరన్నారు? నేను ముందు నుంచీ పరిమితుల విభాగంలో రాయమనే కదా అంటున్నాను.

అంచు_గమనికలు
పరిమితుల్లో కాదు, పద్ధతి అధ్యాయంలో. రెండూ ఒకటి కావు.

గడపదాటి
పాప జ్వరం తగ్గిందా?

తెల్లవారుజాము_చదువు
తగ్గింది. గైడ్ ఇంకా జవాబివ్వలేదు.