కుందేళ్ల మీద ఏ పుస్తకం కొనాలి: తెలుగు పెంపకం పుస్తకమా, ఇంగ్లీషు ఇంటి కుందేలు పుస్తకమా?

చెరువుగట్టు పాఠకుడు (హనుమకొండ):

మా కాలనీ పఠన మందిరంలో జంతు పోషణ అర కోసం ఈ ఏడు కొద్దిపాటి సొమ్ము కేటాయించారు. కాలనీలో కొన్ని ఇళ్లలో పిల్లలు కుందేళ్లను పెంచుకుంటున్నారు కనుక వాటి మీద ఒక మంచి పుస్తకం ఉండాలన్న విషయంలో ఎవరికీ భేదాభిప్రాయం లేదు. ఏది కొనాలన్న దగ్గరే సభ్యులు రెండు వర్గాలయ్యారు. తెలుగులో వచ్చిన కుందేళ్ల పెంపకం పుస్తకాలు చవకగా దొరుకుతాయి, ఇంటిల్లిపాదీ చదువుకోగలరు, అందులోని మేతలన్నీ మన పొలాల్లో ఉండేవేనని ఒక వర్గం అంటోంది. అవి మాంసం కోసం పెంచే రైతులకు రాసినవనీ, ఇంట్లో మనతో పాటు తిరిగే కుందేలు గురించి తెలుసుకోవాలంటే ఇంగ్లండులోనో అమెరికాలోనో వచ్చిన పుస్తకాలే దిక్కనీ రెండో వర్గం వాదిస్తోంది. నా మొగ్గు రెండో వైపే ఉన్నా, మన మే నెల ఎండను ఎరుగని రచయిత మాట మీద ఒక ప్రాణిని పెంచమని పిల్లలకు చెప్పడానికి మనసు ఒప్పడం లేదు. అనుభవం ఉన్నవారు ఏ పుస్తకం మంచిదో చెప్పడంతో సరిపెట్టకుండా, ఎందుకు మంచిదో కూడా వివరించాలని కోరుతున్నాను.

జమ్మికుంట పశుపోషకుడు:

అయ్యా, నేను మేకలతో పాటు కొన్నేళ్లుగా కుందేళ్లను కూడా సాకుతున్నాను. మీ మొదటి వర్గం వారి మాటే సబబు. ఇంగ్లీషు పుస్తకం తెరిస్తే తొలి అధ్యాయంలోనే తిమోతి గడ్డి పెట్టమంటుంది. అది చల్లటి దేశాల్లో పెరిగే గడ్డి; ఇక్కడ కావాలంటే దిగుమతి చేసుకున్న సంచిని ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. ఆ ధర చూసిన మధ్యతరగతి తండ్రి వారం తిరగకముందే గడ్డి మాని గింజలూ బిస్కెట్లూ వేయడం మొదలుపెడతాడు. మన తెలుగు పుస్తకంలో గినీ గడ్డి, లూసర్న్, దశరథ గడ్డి వంటి మేతలు ఉంటాయి. జత కట్టిన సుమారు 31 రోజులకు ఈత వస్తుందని, పిల్లలు పుట్టేముందు గూడుపెట్టె ఎలా అమర్చాలో, గజ్జి పట్టినా కాక్సిడియోసిస్ అనే పేగుల జబ్బు సోకినా మంద ఎలా దెబ్బతింటుందో అందులో వివరంగా రాస్తారు. ఎండాకాలంలో పాక మీద గడ్డి కప్పమని, గోనె సంచులు తడిపి వేలాడదీయమని చెప్పేది కూడా అదే. శీతాకాలంలో మంచు నుంచి కాపాడమని పేజీలకు పేజీలు రాసే పుస్తకంతో వరంగల్‌లో మనకు పనేమిటి?

కాజీపేట గృహిణి:

అన్నా, మీ అనుభవాన్ని తక్కువ చేయడం లేదు కానీ మీరు చెప్పిన పుస్తకం ఏ ప్రశ్నకు జవాబుగా రాసిందో చూడండి. మూడు నెలల్లో పిల్లను రెండు కిలోల బరువుకు తేవడం ఎలా అన్నదే దాని ప్రశ్న. అందుకే దాణా కొలతలు అంత నిక్కచ్చిగా ఉంటాయి, అందుకే తీగ జాలీ అడుగున్న పంజరాన్ని మంచిదంటుంది. రెట్టలు కిందికి రాలిపోతే రైతుకు శుభ్రం చేసే పని తగ్గుతుంది, నిజమే. అయితే ఇంటి కుందేలు ఎనిమిది నుంచి పన్నెండేళ్లు బతుకుతుంది. కుక్కకూ పిల్లికీ ఉన్నట్టు దాని పాదాల కింద మెత్తలు ఉండవు, వెంట్రుకలే ఉంటాయి. జాలీ మీద ఏళ్ల తరబడి కూర్చుంటే మడమలు ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి. మూడు నెలలకే అమ్ముడుపోయే కుందేలుకు ఆ పుండ్లు పడే వ్యవధే ఉండదు కనుక పెంపకం పుస్తకం దాని గురించి దీర్ఘంగా చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఇక ప్రవర్తన సంగతి. వెనక కాలితో నేలను దబ్బున తన్నడం హెచ్చరిక అని, గదవ కింది గ్రంథులతో కుర్చీ కాళ్లకు రుద్దడం తన హద్దు గుర్తుపెట్టుకోవడమని, మెల్లగా పళ్లు కొరకడం హాయికీ గట్టిగా నూరడం నొప్పికీ సూచన అని తెలుగు పెంపకం పుస్తకంలో నేను ఎక్కడా చదవలేదు. కుందేలు వేటకు గురయ్యే జంతువు. నొప్పిని చివరిదాకా దాస్తుంది. కాబట్టి ఈ సంకేతాలు తెలియని ఇంట్లో జబ్బు బయటపడేసరికి చేయి దాటిపోతుంది. అమెరికాలో మారినెల్ హారిమన్ 1985లో తెచ్చిన ‘హౌస్ రాబిట్ హ్యాండ్‌బుక్’ వచ్చాకే కుందేలును పెరటి పంజరంలోంచి ఇంట్లోకి తెచ్చి, ఒకచోటే మలమూత్రాలు పోసేలా అలవాటు చేసి, కుటుంబంలో ఒకరిగా చూడవచ్చన్న ఆలోచన అక్కడి పాఠకుల్లో బాగా పాకింది. నాకు తెలిసి అలాంటి పుస్తకం తెలుగులో ఇంకా రాలేదు.

ఎండ విషయంలో మీ వాదన పూర్తిగా నిలవదు. మన దేశంలో కుందేళ్ల మీద పరిశోధన చేసిన కేంద్రాల్లో ఒకటి కొడైకెనాల్ కొండల్లోని మన్నవనూరు, మరొకటి హిమాచల్‌లో కులు లోయలోని గర్సా. ఒకచోట మాంసం, మరోచోట అంగోరా జాతి కుందేళ్ల ఉన్ని ప్రధానం. స్వదేశంలో రాసినంత మాత్రాన మన ఎండకు రాసినట్టు కాదు.

జమ్మికుంట పశుపోషకుడు:

చెల్లెమ్మా, మన్నవనూరు, గర్సాల సంగతి ఒప్పుకుంటాను. కానీ ఆ రెండూ ఏ సంస్థ కిందివో ఆ కేంద్ర గొర్రెల, ఉన్ని పరిశోధన సంస్థ ప్రధాన స్థావరం అవికానగర్ రాజస్థాన్‌లో ఉంది; అక్కడా కుందేళ్ల మీద పని జరిగింది, అక్కడి ఎండ మన రామగుండం ఎండకేమీ తీసిపోదు. 30 డిగ్రీలు దాటితే మగ కుందేలు సంతాన శక్తి తగ్గుతుందని నాకు చెప్పింది పెంపకం పుస్తకమే. అయితే ప్రవర్తన గురించి అందులో లేదన్న మాటకు మాత్రం నా దగ్గర జవాబు లేదు.

అయినా ఒకటి అడుగుతాను. ఆ ఇంగ్లీషు పుస్తకం చదివి గడ్డి పెట్టాలని నేర్చుకున్న పిల్లవాడు పక్క చేనుకు వెళ్లి ఏం కోసుకొస్తాడు? పూతకు రాని లేత జొన్న కోసుకొస్తే ఏమవుతుందో ఆ పుస్తకంలో ఉందా? సుబాబుల్ ఆకులో మిమోసిన్ అనే విషపదార్థం ఉంటుందని, అదే పనిగా మేపితే వెంట్రుకలు రాలిపోతాయని ఉందా? రోడ్డు పక్కన వయ్యారిభామ మధ్యలో మొలిచిన గరికను కోయకూడదని ఎవరు చెబుతారు?

బిజీ మనిషి:

పుస్తకాల గొడవ ఎందుకండీ, వీడియోలు చూస్తే చాలు కదా. కుందేలును వెల్లకిలా పడుకోబెట్టి నిద్రపుచ్చడం నేను వీడియో చూసే నేర్చుకున్నాను.

మామునూరు పశువైద్య విద్యార్థిని:

పై సోదరుడు చెప్పిన పద్ధతి గురించే ముందు రాస్తాను. వెల్లకిలా తిప్పితే కుందేలు కదలకుండా ఉండిపోయేది నిద్రతో కాదు, భయంతో. వేటాడే జంతువు నోట చిక్కినప్పుడు బిగుసుకుపోయే స్పందన అది. పాత పుస్తకాలు కొన్ని దీన్ని శాంతపరిచే చిట్కాగా చెప్పాయి కనుక వీడియోలను మాత్రమే తప్పుపట్టి లాభం లేదు. పుస్తకమైనా సరే, ఈ చిట్కాను మెచ్చుకుంటే దాన్ని అక్కడే మూసేయవచ్చు. కుందేలు అస్థిపంజరం చాలా తేలిక, వెనక కాళ్ల కండరాలు చాలా బలం. సరిగ్గా పట్టుకోకపోతే తన తన్నుకే తన నడుం విరుగుతుంది. పిల్లలు ఎత్తి ముద్దాడుతున్న బొమ్మలతో నిండిన రంగుల పుస్తకాలను నేను దూరం పెట్టేది ఇందుకే. అట్ట మీద క్యారట్ ఉన్న పుస్తకాలన్నీ చెడ్డవని అనను కానీ, క్యారట్‌లో చక్కెర ఎక్కువని లోపల రాశారో లేదో చూడకుండా మాత్రం కొనను.

ఇప్పుడు అసలు ప్రశ్న. పుస్తకం ఏ దేశానిదన్న దానికంటే అందులో మందుల పేజీలు ఎలా ఉన్నాయన్నది నాకు ముఖ్యం. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్ వంటి పెన్సిలిన్ తరగతి మందులు నోటి ద్వారా ఇస్తే కుందేలు పేగుల్లోని మేలుచేసే సూక్ష్మజీవులు నశించి, హానిచేసేవి పెరిగి ప్రాణం పోవచ్చు. కుక్కల పిడుదులకు వాడే ఫిప్రోనిల్ కుందేలుకు విషం. ఇంట్లో ఉన్న మందు వేసేద్దాం అనుకునే అలవాటు మనకు ఎక్కువ కాబట్టి, ఈ రెండు హెచ్చరికలూ లేని పుస్తకం ఎంత అందంగా ఉన్నా వద్దంటాను. మేత అధ్యాయంలో ఎండుగడ్డికి పెద్దపీట వేసి దాణాను కొసరుగా చెప్పిందా, లేక దాణాయే అసలు తిండి అన్నట్టు రాసిందా అన్నది కూడా చూడండి. ముందరి పళ్లు వారానికి సుమారు రెండు మిల్లీమీటర్లు పెరుగుతూనే ఉంటాయి. పీచున్న గడ్డిని గంటల తరబడి నమిలితేనే పళ్లన్నీ సరిగా అరుగుతాయి, పేగులూ కదులుతాయి. కుందేలుకు వాంతి చేసుకునే శక్తి లేదు. అది అర పూట మేత ముట్టకపోతే రేపు చూద్దాంలే అనుకోకూడదని పుస్తకం గట్టిగా చెప్పాలి. రాత్రి వేళ, తెల్లవారుజామున తన మెత్తటి రెట్టను తానే తినడం రోగమని రాసిన పుస్తకం చేతికి వస్తే ఇక మిగతా పేజీలు తిప్పనక్కర్లేదు.

ఆడ కుందేళ్ల విషయంలో పెంపకం పుస్తకాల మౌనం నాకు పెద్ద లోపంగా కనిపిస్తుంది. పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయించని ఆడ కుందేళ్లలో నాలుగేళ్లు దాటాక గర్భాశయ క్యాన్సర్ బాగా ఎక్కువ. మూడు నెలలకు అమ్మేసేవారికి ఆ వయసే రాదు. అందువల్ల కాజీపేట అక్క మాటతో చాలావరకు ఏకీభవిస్తున్నాను. ఆర్.ఎం. లాక్లీ వేల్స్‌లో అడవి కుందేళ్లను గమనించి 1964లో ప్రచురించిన ‘ది ప్రైవేట్ లైఫ్ ఆఫ్ ది రాబిట్’ వంటివి ప్రవర్తన అర్థం చేసుకోవడానికి మంచివే గాని, అవి పోషణ పుస్తకాలు కావు. మీ డబ్బు తక్కువ కనుక వాటిని తర్వాత చూసుకోవచ్చు. వైద్యం విషయంలో మెర్క్ వెటర్నరీ మాన్యువల్ అనే పశువైద్య గ్రంథంలోని కుందేళ్ల భాగం అంతర్జాలంలో ఉచితంగానే చదువుకోవచ్చు, దానికి సొమ్ము పెట్టకండి.

జమ్మికుంట అన్న అడిగిన జొన్న ప్రశ్న మాత్రం న్యాయమైనదే. లేత జొన్నలోని ధూరిన్ అనే పదార్థం నుంచి హైడ్రోసయానిక్ ఆమ్లం అనే విషం పుడుతుంది. కాలిఫోర్నియా రచయిత్రికి ఆ ముచ్చట తట్టే అవకాశం తక్కువ. అలాగే దశరథ గడ్డి, లూసర్న్ రెండూ పప్పుజాతివి. ఎదిగే పిల్లలకు, ఈనిన తల్లికి మంచివే అయినా, ఏడెనిమిది నెలలు దాటిన ఇంటి కుందేలుకు రోజూ కడుపునిండా పెడితే మాంసకృత్తులు, కాల్షియం మితిమీరుతాయి. తిన్న కాల్షియంలో చాలా భాగాన్ని కుందేలు మూత్రం ద్వారానే బయటికి పంపుతుంది, అందుకే ఆ మూత్రం తెల్లగా, మడ్డిగా ఉంటుంది. రోజువారీ మేతకు గరిక, గినీ గడ్డి నీడలో ఎండబెట్టుకుంటే తిమోతి లేని లోటు చాలావరకు తీరుతుంది. వరిగడ్డి పరుపుగా పనికొస్తుంది, తిండిగా దానిలో సారం తక్కువ.

కాజీపేట గృహిణి:

చెల్లీ, ఎండ గురించి కూడా రెండు మాటలు రాస్తే బాగుండేది, పుస్తకాలు రెండూ అరకొరగానే చెబుతాయి. నేను పాటించేది రాస్తాను. కుందేలుకు చెమట పట్టదు, ఒంటి వేడిని ముఖ్యంగా చెవుల ద్వారా వదులుతుంది. మధ్యాహ్నం పూట షాబాద్ బండలున్న గదిలో ఫ్యానో కూలరో నడుస్తుండగా, గుడ్డ చుట్టిన చల్లటి నీళ్ల సీసా పక్కన పెడితే దానికే ఆనుకుని పడుకుంటుంది. స్నానం మాత్రం చేయించకూడదు, బెదిరిపోతుంది. విదేశీ పుస్తకంలో వేసవి పేజీ ఒకటే ఉంటుంది, అది మనకు ఫిబ్రవరికి సరిపోతుంది!

చెరువుగట్టు పాఠకుడు (హనుమకొండ):

అందరికీ ధన్యవాదాలు. మీ వాదనలన్నీ సభ్యుల ముందు చదివాను. ఇంటి కుందేళ్ల మీద ఇంగ్లీషు పుస్తకం ఒకటి, దొరికినంతలో కొత్త కూర్పు, కొనాలని నిర్ణయమైంది. కొనేముందు మందుల పేజీలు, మేత పేజీలు మామునూరు విద్యార్థిని గారికి చూపిస్తాము. అందులోని ప్రవర్తన అధ్యాయాన్ని ఆదివారాల్లో ఎవరో ఒకరు తెలుగులో చెప్పి వినిపిస్తారు. తెలుగు పెంపకం పుస్తకం కూడా తీసుకుంటున్నాము, దాని ధర పెద్ద భారం కాదు. అయితే దాన్ని పిల్లల అరలో పెట్టాలా వద్దా అన్న దగ్గర మళ్లీ మాటామాటా వచ్చింది. మీ అభిప్రాయం చెప్పండి.

కాజీపేట గృహిణి:

వ్యవసాయం అరలో పెట్టండి. తన కుందేలుకు ఏ వయసులో ఎంత మాంసం పడుతుందో చదవాల్సిన అవసరం పదేళ్ల పిల్లకు లేదు.

జమ్మికుంట పశుపోషకుడు:

వ్యవసాయం అరలోనే పెట్టండి, నాకు అభ్యంతరం లేదు. తినేవారి పుస్తకం, సాకేవారి పుస్తకం వేర్వేరు అరల్లో ఉండడమే మేలు. కానీ మేతల పట్టిక ఒకటి నేను రాసి పంపుతాను, దాన్ని ఇంగ్లీషు పుస్తకం లోపలి అట్టకు అతికించండి. రోజూ పెట్టదగినవి ఒకవైపు, అప్పుడప్పుడు కొద్దిగా పెట్టదగినవి ఇంకోవైపు, అసలు కోయకూడనివి కింద ఎర్ర సిరాతో. ఎర్ర సిరాలో మొదటి పేరు లేత జొన్నదే, అందులోనూ వానలు మొహం చాటేసి వాడిపోయిన జొన్న. పత్తి చేల గట్ల మీది గడ్డి రెండోది, మందు కొట్టని పత్తి చేను మన దగ్గర ఎక్కడుంది కనుక. పట్టిక చూశాక మామునూరు చెల్లి దిద్దాల్సినవి ఉంటే దిద్దవచ్చు, దశరథ గడ్డిని మాత్రం మూడో వరుసలోకి నెట్టేస్తే ఊరుకోను.